ముక్కు దేని కొరకు?
పక్షుల పాఠంలోని ఒక విభక్తి గురించి విమర్శ

ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చదివిన ప్రతివారికీ పక్షుల ముక్కుల పటం పరిచితమే. ఒక వైపు గద్ద, చిలుక, కొంగ, వడ్రంగిపిట్ట, పిచ్చుక తలలు వరుసగా ఉంటాయి. వాటికి ఎదురుగా మాంసం, పండ్లు, చేపలు, పురుగులు, గింజలు ఉంటాయి. రెంటినీ జతపరచమని ప్రశ్న. విద్యార్థి గీతలు గీస్తాడు, ఉపాధ్యాయుడు మార్కులు వేస్తాడు. జవాబులో వ్రాయవలసిన వాక్యం కూడా ఇంచుమించు స్థిరపడిపోయింది: "చేపలను పట్టుట కొరకు కొంగకు పొడవైన ముక్కు ఏర్పడినది."

ఈ పాఠంలో మెచ్చుకోదగినది లేకపోలేదు. రోజూ కళ్ళ ముందు తిరిగే పిట్టను నిలిచి చూడడం ఇది నేర్పుతుంది. అవయవ నిర్మాణానికీ, అది చేసే పనికీ సంబంధం ఉన్నదని చెబుతుంది. ఐనా పై వాక్యం పరీక్షకు నిలవదు. తప్పు కొంగలో లేదు, ముక్కులో లేదు, విభక్తిలో ఉంది. "కొరకు" అన్నది చతుర్థి. అది ప్రయోజనాన్ని చెబుతుంది. "వలన" అన్నది పంచమి. అది కారణాన్ని చెబుతుంది. ముక్కు వలన కొంగకు కలిగే ప్రయోజనం ఒక సంగతి, ఆ ముక్కు కొంగకు ఎలా వచ్చిందన్నది వేరొక సంగతి. మొదటి ప్రశ్నకు జవాబు చెప్పి రెండవదానికి కూడా చెప్పినట్టు అనుకోవడమే ఈ పాఠంలోని లోపం. ఇది వ్యాకరణ చర్చ మాత్రమే కాదు. కారణం తెలియకుండానే తెలిసిందన్న తృప్తి కలిగితే, విద్యార్థి మరి ప్రశ్న వేయడు.

పేరులోని చిక్కు

ముందుగా పేరు సంగతి చూద్దాం. మనిషి వాసన చూచే అవయవాన్నీ, పక్షి గింజను ఏరుకునే అవయవాన్నీ తెలుగులో ముక్కు అనే అంటాం. సంస్కృతంలో నాసిక వేరు, చంచువు వేరు. పక్షి ముక్కు నిజానికి నోటి భాగం. గాలి పీల్చే రంధ్రాలు సాధారణంగా దాని మొదట్లో, తలకు దగ్గరగా ఉంటాయి. న్యూజిలాండ్‌లోని కివీ పక్షికి మాత్రం అవి ముక్కు కొసన ఉంటాయి. లోపల ఉండేవి పై దవడ, కింది దవడ ఎముకలు. వాటి మీద కెరటిన్ అనే పదార్థంతో ఏర్పడిన గట్టి తొడుగు ఉంటుంది. మన గోళ్ళలోనూ, ఎద్దు కొమ్ము పైతొడుగులోనూ ఉండేది ఇటువంటి పదార్థమే. గోరు వలెనే ఈ తొడుగు కూడా ఒక పక్క పెరుగుతూ, ఒక పక్క అరుగుతూ ఉంటుంది.

ముక్కు పక్షులకే పరిమితం కాదు. తాబేలుకు పళ్ళు లేవు. దాని దవడలకు కూడా కెరటిన్ తొడుగే. ఆక్టోపస్‌కు ఎముకలే లేకపోయినా, చేతుల నడుమ నోటిలో చిలుక ముక్కును పోలిన గట్టి అవయవం ఉంది. ఐతే అది కైటిన్, ప్రోటీన్లతో తయారైనది. పైగా చిలుకకు పై భాగం కింది భాగాన్ని కప్పుకొని ఉంటే, ఆక్టోపస్‌కు కింది భాగమే పైదాన్ని కప్పుకొని ఉంటుంది. సముద్రపు పగడాల మధ్య తిరిగే చిలుకచేపకు ముక్కులా కనిపించేది ఒకటిగా అతుక్కుపోయిన పళ్ళ వరుస. ఆస్ట్రేలియాలోని ప్లాటిపస్‌కు ఉన్నది బాతు ముక్కు కానే కాదు. అది మెత్తని చర్మంతో కప్పబడిన మూతి. నీటి అడుగున కదిలే చిన్న ప్రాణుల కండరాలనుండి వెలువడే స్వల్ప విద్యుత్తును కూడా అది పసికడుతుంది.

ఈ నాలుగింటిలో తాబేలు ముక్కు ఒక్కటే పక్షి ముక్కుకు నిర్మాణంలో దగ్గరగా ఉంది. మిగిలినవి వేరు వేరు పదార్థాలతో, వేరు వేరు అవయవాలనుండి వచ్చాయి. కొరకడం, గీకడం, తడమడం అనే పనులను బట్టి రూపాలలో కొంత పోలిక వచ్చి ఉండవచ్చు. కాని ఆ పనికి చిలుకచేప పళ్ళనూ, ఆక్టోపస్ కైటిన్‌నూ వాడుకోవడానికి కారణం వాటి పూర్వుల శరీరంలో అవే ఉండడం. పనిని మాత్రమే చెప్పే పాఠంలో ఈ వంశచరిత్రకు చోటు లేదు.

గీతలకు లొంగని పక్షులు

ఇప్పుడు పటంలోని జతలనే పరీక్షిద్దాం. బాకు వంటి ముక్కు గల లకుముకిపిట్టకు ఎదురుగా చేప బొమ్మ ఉంటుంది. కాని మన ఊళ్ళలో తీగల మీద తరచుగా కనిపించే తెల్లరొమ్ము లకుముకిపిట్ట నీటికి దూరంగా పొలాలలోనూ తోటలలోనూ కూడా బ్రతుకుతుంది. మిడతలు, తొండలు, పీతలు, కప్పలు, అప్పుడప్పుడు చిన్న ఎలుకలు దాని ఆహారం. దొరికినప్పుడు చేపలు కూడా. ప్రపంచంలోని లకుముకి జాతులలో చాలావాటికి చేప ముఖ్యాహారమే కాదు. ముక్కు చేపల "కొరకే" ఏర్పడి ఉంటే, చేపల జోలికి అంతగా పోని ఇన్ని జాతులకు అది ఎందుకున్నట్టు?

చెరువులో చేపలను పొడిచే చిన్న తెల్లకొంగనూ, గేదెల వెంట తిరుగుతూ మిడతలను ఏరుకునే కొంగనూ పక్కపక్కన పెట్టి చూడండి. గేదెల వెంట తిరిగేదాని ముక్కు కాస్త పొట్టిదే, రంగూ వేరే. కాని రెండూ ఒకే తీరు ముక్కులు. గింజలు తినే పక్షిగా పటంలో నిలిచిన పిచ్చుక, పిల్లలకు ఎక్కువగా పురుగులనే తెచ్చి పెడుతుంది.

అంతేకాదు, ముక్కుకు తిండి ఒక్కటే పని కాదు. గూడు కట్టడానికీ, ఈకలు దువ్వుకోవడానికీ, పోట్లాటకూ అదే సాధనం. పావురం పై ముక్కు కొస కింది ముక్కును దాటి ఒకటి రెండు మిల్లీమీటర్లు వంగి ఉంటుంది. 2005లో ప్రచురితమైన ప్రయోగాలలో ఆ వంపును మాత్రం కత్తిరించి చూశారు. పక్షికి నొప్పి లేదు, తిండికి లోటు లేదు. కాని ఈకలలో పేలు విపరీతంగా పెరిగాయి. కొస తిరిగి పెరగగానే పేలు తగ్గాయి. గింజకూ ముక్కుకూ గీత గీసి ఊరుకున్న పటానికి ఈ సంగతి ఎన్నటికీ తెలిసేది కాదు.

"కొరకు" ఎంతటివారినైనా తొందరపెట్టగలదనడానికి మన ప్రాంతపు పక్షి ఒకటి సాక్ష్యం. వరి పొలాలలో నత్తలను తినే కొంగ ఒకటి ఉంది. శ్రీకాకుళం జిల్లా తేలుకుంచి గ్రామంలోని చెట్ల మీద ఇవి ఏటా గూళ్ళు కట్టుకుంటాయి. ఎదిగిన పక్షి ముక్కు మూసినా పై, కింది భాగాల మధ్య ఒక సందు మిగిలిపోతుంది. ఈ సందు దేనికి? ప్రసిద్ధ జీవశాస్త్రజ్ఞుడు జూలియన్ హక్స్‌లీ మ్యూజియం నమూనాలనూ, అంతవరకు వెలువడిన వ్రాతలనూ పరిశీలించి, అది నత్త గుల్లను అడకత్తెరలో వక్కలా పెట్టి పగలగొట్టడానికని 1960లో తేల్చాడు. ముక్కు అంచుల గరుకుదనం ఆ పని వలన కలిగిన అరుగుదల అన్నాడు. ఊహ అందంగా ఉంది. ఐతే ఆ తరువాత బ్రతికి ఉన్న పక్షులను చూచినవారికి వేరు సంగతులు కనిపించాయి. ఈ కొంగ కింది ముక్కు కొసను గుల్ల నోటిలోకి దూర్చి, లోపలి మెత్తని భాగాన్ని లాగివేస్తుంది. పలుమార్లు గుల్ల పగలదు. అన్నిటికంటె ముఖ్యమైనది, పిల్లపక్షుల ముక్కులో ఆ సందు ఉండదు, ఐనా అవి నత్తలను తినగలవు. జారిపోయే గుల్లను పట్టుకోవడానికి గరుకు అంచులు తోడ్పడుతాయని ఇప్పుడు భావిస్తున్నారు. హక్స్‌లీ వంటివాని ఊహ కూడా పొలం గట్టున నిలబడి చూచినవారి పరిశీలన ముందు వీగిపోయింది. ఊహించడం తప్పు కాదు; పరీక్షకు పెట్టకుండా పాఠంగా చెప్పడమే తప్పు.

పళ్ళు ఏమైనాయి?

పక్షులకు పళ్ళు లేకపోవడాన్ని గురించి కూడా ఇటువంటి వాక్యమే ఉంది: "ఎగురుటకు శరీరము తేలిక అగుట కొరకు పళ్ళు పోయి ముక్కు వచ్చినది." దీనిని శిలాజాలతో పోల్చి చూద్దాం. సుమారు 15 కోట్ల సంవత్సరాల నాటి ఆర్కియోటెరిక్స్‌కు పళ్ళు ఉన్నాయి. అమెరికాలో 19వ శతాబ్దంలోనే దొరికిన ఇక్తియోర్నిస్ దానికంటె చాలా తరువాతిది, చక్కగా ఎగిరినది. దానికీ పళ్ళు ఉన్నాయి. 2018లో ప్రచురించిన పరిశీలనలో దాని దవడ కొసన చిన్న ముక్కు కూడా ఉన్నట్టు తేలింది. అంటే ముక్కూ పళ్ళూ ఒకే నోటిలో కలిసి ఉన్న కాలం ఒకటి ఉంది. మరొక వైపు, ఎన్నడూ ఎగురని డైనోసార్లలో ముక్కు గలవి అనేకం. మూడు కొమ్ముల ట్రైసెరటాప్స్‌కు ముందు ముక్కు, వెనుక పళ్ళు ఉండేవి. ముక్కు గల తాబేలు ఎగరదు. పళ్ళు గల గబ్బిలం ఎగురుతుంది.

తేలికదనానికి ఇందులో ఏ పాత్రా లేదని దీని అర్థం కాదు. అదొక్కటే చాలదని మాత్రమే. 2014లో అనేక పక్షుల జన్యువులను పోల్చి చూచినప్పుడు, పంటి పింగాణీకి అవసరమైన జన్యువులు నేటి పక్షులలో శిథిలమై మిగిలి ఉన్నట్టు తెలిసింది. నేటి పక్షులన్నిటి ఉమ్మడి పూర్వులలో సుమారు 11 కోట్ల 60 లక్షల సంవత్సరాల కిందటనే ఆ శక్తి పోయిందని లెక్క కట్టారు. పాడుపడిన ఇంటి పునాదులలా ఆ జన్యువులు కోడిలోనూ కాకిలోనూ నేటికీ ఉన్నాయి. "కొరకు" అన్న మాటతో వీటి ఉనికికి అర్థం చెప్పలేం. పూర్వుల నుండి వచ్చినవి కనుక ఉన్నాయి.

"వలన" అనడంలోనూ జాగ్రత్త

ఐతే "తిండి వలన ముక్కు మారింది" అని దిద్దుకుంటే సరిపోతుందా? దానికీ రెండు అర్థాలున్నాయి. ఐరోపా సముద్రతీరాలలో ఆల్చిప్పలు తినే ఆయిస్టర్ క్యాచర్ అనే పక్షి ఉంది. చిప్పలను సుత్తితో కొట్టినట్టు పగలగొట్టే పక్షికి ముక్కు కొస మొద్దుగా ఉంటుంది. రెండు చిప్పల సందులో దూర్చి కోసేదానికి ఉలిలా ఉంటుంది. బురదలో పురుగులను వెదికేదానికి సన్నగా ఉంటుంది. తిండి మారిస్తే కొన్ని వారాలలోనే కొస రూపం మారుతుంది. ఇది కేవలం పెరుగుదల, అరుగుదల వలన కలిగే మార్పు. కమ్మరి అరచేతి కాయ అతని కొడుకు చేతికి పుట్టుకతో రానట్టే, ఈ అరుగుదల పిల్లలకు సంక్రమించదు. జాతి మారడానికి ఇది మార్గం కాదు. మరి మార్గం ఏది?

పల్లేరు గింజలు చెప్పిన పాఠం

ఈ ప్రశ్నకు అన్ని పుస్తకాలూ చూపేది పసిఫిక్ సముద్రంలోని గలపాగస్ ద్వీపాల ఫించి పిట్టలను. ఇక్కడ కూడా ఒక కథ ప్రచారంలో ఉంది: డార్విన్ ఆ దీవులలో దిగాడు, పిట్టల ముక్కులు చూచాడు, పరిణామ సిద్ధాంతం తట్టింది. చరిత్ర ఇలా లేదు. డార్విన్ 1835 సెప్టెంబరు, అక్టోబరు నెలలలో అక్కడ ఉన్నాడు. పట్టిన ఫించీలలో చాలావాటికి ఏ దీవిలో పట్టినదీ వ్రాసి పెట్టుకోలేదు. అవన్నీ దగ్గరి చుట్టాలైన ఫించీలని 1837లో లండన్‌లో తేల్చినవాడు పక్షిశాస్త్రజ్ఞుడు జాన్ గౌల్డ్. 1859 నాటి "జాతుల ఉత్పత్తి" గ్రంథంలో ఈ ముక్కుల చర్చ లేదు. వీటిని ప్రసిద్ధికి తెచ్చినది డేవిడ్ లాక్ 1947లో ప్రచురించిన పుస్తకం. చూడగానే తట్టడం కాదు, నూరేళ్ళకు పైగా పలువురు చేసిన కృషి ఇది.

అసలు పరీక్ష ఆ తరువాత జరిగింది. పీటర్ గ్రాంట్, రోజ్‌మరీ గ్రాంట్ దంపతులు 1973 నుండి డాఫ్నీ మేజర్ అనే చిన్న దీవిలో పిట్టలను పట్టి, కాళ్ళకు గుర్తులు కట్టి, ముక్కులు కొలిచి, విడిచిపెట్టి, ఏటేటా మళ్ళీ వెళ్ళి చూచారు. దీవి వైశాల్యం అర చదరపు కిలోమీటరు కూడా లేదు. వారు చూచినవాటిలో మొదటి వింత ఇది: వానలు పడి చిన్న గింజలు విరివిగా ఉన్న రోజులలో, పెద్ద ముక్కుదీ చిన్న ముక్కుదీ ఇంచుమించు ఒకే మేత మేశాయి. మన పటం ఆ రోజులలో గీసి ఉంటే గీతలన్నీ ఒకచోటికే పోయేవి.

1977లో వాన పడలేదు. ముందరి ఏడాది వానకాలంలో 137 మిల్లీమీటర్లు కురిసినచోట 24 మిల్లీమీటర్లే కురిసింది. మెత్తని చిన్న గింజలు త్వరగా ఐపోయాయి. మిగిలినవి మన పల్లేరుకు దగ్గరి చుట్టమైన మొక్క కాయలు. పొలంలో చెప్పు లేకుండా నడిచినవారికి పల్లేరు కాయ గట్టిదనం చెప్పనక్కరలేదు. మధ్యరకపు నేలఫించీలలో సుమారు 85 శాతం తగ్గిపోయాయి. మిగిలినవాటి ముక్కుల సగటు మందం మునుపటి సగటుకంటె సుమారు అర మిల్లీమీటరు ఎక్కువ. ఏ పిట్ట ముక్కూ కరవులో పెరగలేదు. సన్న ముక్కువి ఎక్కువగా చనిపోయాయి, అంతే. ముక్కు మందం తల్లిదండ్రులనుండి పిల్లలకు బలంగా సంక్రమిస్తుందని అంతకు ముందే కొలిచి ఉంచారు. అందువలన తరువాత పుట్టిన తరం ముక్కులు కూడా మందంగా వచ్చాయి. దీనినే ప్రకృతి వరణం అంటారు. ఇందులో మూడు మెట్లు ఉన్నాయి: ఒకే జాతిలో వ్యక్తికీ వ్యక్తికీ తేడా ఉండాలి, ఆ తేడా సంతానానికి సంక్రమించాలి, దానిని బట్టి బ్రతకడంలోనో పిల్లలను కనడంలోనో హెచ్చుతగ్గులు రావాలి. "కొరకు" అన్న ఒక్క మాట ఈ మూడు మెట్లనూ కప్పివేస్తుంది.

కథ ఇంతటితో ఆగలేదు. 1983లో అతివృష్టి వచ్చింది. తీగలు, గడ్డి అల్లుకుపోయి చిన్న గింజలు రాశులుగా పడ్డాయి. ఆ తరువాతి సంవత్సరాలలో చిన్న ముక్కు పిట్టలకే మేలు జరిగింది. ఇంతలో అంతకంటె పెద్ద ముక్కు గల మరొక ఫించి జాతి ఆ దీవిలో స్థిరపడింది. 2003-04లో మళ్ళీ కరవు వచ్చినప్పుడు పల్లేరు జాతి గింజలను ఆ పెద్ద జాతి ముందే తినివేసింది. ఈసారి మధ్యరకపు ఫించీలలో పెద్ద ముక్కువే ఎక్కువగా చనిపోయాయి. 1977లో ప్రాణం నిలిపిన ముక్కే, అదే దీవిలో, అదే జాతిలో, కరవులోనే ప్రాణం తీసింది. హెచ్.ఎం.జి.ఎ.-2 అనే జన్యుప్రాంతపు రెండు రూపాలకూ ఈ చావు బ్రతుకులకూ సంబంధం ఉన్నదని 2016లో తేలింది. ఇప్పుడు చెప్పండి, ఆ మందపు ముక్కు దేని కొరకు ఏర్పడినట్టు?

బడిలో ఏమి చేయవచ్చు?

పటాన్ని గోడమీదనుండి తీసివేయమని ఈ విమర్శ ఉద్దేశం కాదు. పటం పాఠానికి ముగింపుగా కాక, మొదలుగా ఉండాలి. బడి ఆవరణలో కనిపించే కాకి, గోరువంక, పిచ్చుక, కొంగ, లకుముకిపిట్టలలో ఒక్కొక్కదాన్ని ఒక్కొక్క విద్యార్థికి అప్పగించవచ్చు. నెల రోజులు అది తిన్నదల్లా తేదీతో సహా వ్రాయమనవచ్చు. తినడం కాక ముక్కుతో చేసిన ఇతర పనులను వేరే వరుసలో వ్రాయించవచ్చు. ఎండాకాలంలో ఒకసారి, వానాకాలంలో ఒకసారి ఇదే పని చేయిస్తే, మేత మారినా ముక్కు మారకపోవడం వారే గమనిస్తారు. ఆ జాబితాను పటంలోని గీతతో పోల్చమంటే చర్చ తనంతట తానే మొదలవుతుంది.

పరీక్ష ప్రశ్నను కూడా మార్చవచ్చు. "జతపరచుము" అన్నదానికి తోడు, "ఈ పక్షి ముక్కు ఈ తిండికే తగినదని ఎలా తెలుసుకుంటావు? ఏమి కనిపిస్తే నీ అభిప్రాయం మార్చుకుంటావు?" అని అడగవచ్చు. దీనికి మార్కులు వేయడం కొంచెం కష్టమే. జతలు దిద్దడానికి రెండు నిమిషాలు చాలు. ఇటువంటి జవాబు దిద్దడానికి చదవాలి, ఆలోచించాలి. వంద కాగితాలు ముందున్న ఉపాధ్యాయునికి ఆ భారం చిన్నది కాదు. కనీసం వాక్యాన్నైనా దిద్దుదాం. "కొంగ పొడవైన ముక్కుతో చేపలను పట్టుకుంటుంది" అంటే నిజమే. అది ఎవరైనా చూడవచ్చు. "పూర్వపు కొంగలలో ముక్కుల తేడాలు ఉండి, అవి సంతానానికి సంక్రమించి, కొన్నిటికి మేలు చేయడం వలన నేటి ముక్కు వచ్చింది" అంటే అది పరీక్షించదగిన ప్రతిపాదన. రెండు వాక్యాలూ కలిపినా నోటుపుస్తకంలో నాలుగు వరుసలకు మించవు. మొదటిదానికి చూపు కావాలి, రెండవదానికి సాక్ష్యం కావాలి. "కొరకు" అన్న వాక్యానికి మాత్రం ఈ రెండూ అక్కరలేకపోయింది.